టీ సెల్‌కు విరుగుడు

పలివెల సత్యానందం వెన్ను వంగదు. ఈ మాట విన్నవాళ్ళు ఆయన ఆత్మాభిమానం సంగతి చెబుతున్నామనుకుంటారు. కాదు. ఆ విషయంలో ఆయన అందరు ఉద్యోగుల్లాంటివాడే, వంగమంటే పాకడానికైనా సిద్ధమే. ఎటొచ్చీ ఒళ్ళే సహకరించదు.

ఆయన పని చేసేది కాకినాడలో, రాష్ట్ర ఆసనాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయంలో. సర్కారు ఆఫీసులకు కుర్చీలూ బల్లలూ స్టూళ్ళూ చేయించి పంపే ఈ సంస్థను జనం కుర్చీల కార్పొరేషన్ అంటారు. అందులో బెంచీల సెక్షన్‌కు సత్యానందం సూపరింటెండెంటు. పై అధికారి ఎదురైతే నడుము దగ్గర వంగి నమస్కారం పెట్టాలన్నది అక్కడ రూలు కాదు. రూలైతే ఎవరో ఒకరు తప్పించుకునేవారు. అది ఆనవాయితీ. సత్యానందం మాత్రం తాటి దుంగలా నిలబడి చేతులు జోడించేవాడు. ‘ఈ ఉద్యోగికి పొగరు’ అని వచ్చిన ప్రతి ఎం.డి. ఆయన మీద రహస్య నివేదిక రాసి వెళ్ళాడు. ఆ నివేదికల పుణ్యాన ఆయన బెంచీల సెక్షన్ దాటి కుర్చీల సెక్షన్‌కు ఎన్నడూ చేరలేదు.

పొద్దున్నే మంచం మీంచి లేవడానికి ఆయనకు భార్య సువార్త చెయ్యి అందించాలి. సాక్సులు కూడా ఆవిడే తొడగాలి. ఈమధ్య మెడ కూడా పట్టేయడం మొదలుపెట్టేసరికి ఆయనకు భయం పుట్టింది. మెడ కూడా బిగుసుకుపోతే పక్కన కూర్చున్న పెళ్ళాం ముఖం చూడాలన్నా కుర్చీతో సహా తిరగాలి. ఆ భయంతోనే కీళ్ళ డాక్టరు ముంతాజ్ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ ఎక్స్‌రేలు చూసి, తిరగలి రాళ్ళ గురించి చెప్పినంత సులువుగా చెప్పింది.

“మీ ఒంట్లో కాపలావాళ్ళుంటారండి. టీ సెల్స్ అంటాం. బయటినుంచి వచ్చే దొంగల్ని పట్టుకోవడం వాళ్ళ పని. వాళ్ళలో ఒక రకం వాళ్ళకి మతి చెడి, ఇంటాయన్నే దొంగనుకుని వెన్నుపూసల మీద పడి కొడుతున్నారు. కొట్టిన చోటల్లా ఎముక పెరిగి అతుక్కుపోతోంది.”

“వాళ్ళకి బుద్ధి చెప్పేవాళ్ళే లేరాండి?”

“ఇప్పుడొక కొత్త మందొచ్చింది. ప్రతి టీ సెల్ ఒంటి మీదా రిసెప్టర్ అని ఒకటి ఉంటుంది. ఎదుటివాణ్ణి అది దాంతోనే తడిమి చూసుకుంటుంది. ఈ మందు మోనోక్లోనల్ యాంటీబాడీ. అంటే ఒకే మూలం నుంచి పుట్టి, అన్నీ అచ్చు ఒకేలా ఉండే ప్రతిరక్షకాలు. మతి చెడ్డ రకం రిసెప్టర్‌ని మాత్రమే వెతికి పట్టుకుంటాయి. మిగతావాళ్ళ జోలికి పోవు. ఆ ‘మాత్రమే’లోనే ఉందండి అసలు కిటుకంతా. అందర్నీ పట్టేసుకుంటే దారినపోయే జలుబు కూడా మీ ఇంట్లో కాపురం పెడుతుంది.”

మందు ఇంకా పరీక్షల్లోనే ఉందనీ, తప్పకుండా పనిచేస్తుందని హామీ ఇవ్వలేననీ కూడా ఆవిడ దాచకుండా చెప్పింది. మెడ ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు కాబట్టి ప్రయత్నించి చూడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, అయితే ఈ నెలాఖరు తర్వాత కొత్తవాళ్ళను చేర్చుకోరు అంది. సత్యానందం అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇవాళ కాదు, మీ ఆఫీసు అనుమతి పట్టుకు రండి అని ఆవిడ ఉత్తరం రాసిచ్చింది.

ఆ అనుమతి ఎందుకంటే, సంస్థ ఉద్యోగులు మరే ఇతర సంస్థ పథకంలోనూ పాల్గొనరాదని ఒక నిబంధన ఉంది. ఎవడో గుమాస్తా చిట్‌ఫండు నడిపినప్పుడు పెట్టిన నిబంధన అది. దాన్నిబట్టి ఆసుపత్రి పరిశోధన కూడా ఇతర సంస్థ పథకమే. అనుమతి లేకుండా చేరితే ఉద్యోగం ఊడుతుంది. అనుమతి కావాలంటే ‘ఈయన మీద కేసులేమీ లేవు’ అని టీ సెల్ రాసివ్వాలి.

టీ సెల్ అంటే తనిఖీ సెల్. వెనకటి ఎం.డి. ఒకాయనకు ఏ పేరునైనా ఇంగ్లీషు అక్షరంతో కుదిస్తే గాని తృప్తి ఉండేది కాదు. తనిఖీలో ‘త’ తీసి ‘టీ’ చేశాడు. ఆయన పోయాడు గాని టీ ఉండిపోయింది. గేటు దాటే ప్రతి కుర్చీనీ లెక్కచూడడం ఈ సెల్ పని. కుర్చీలు నోరెత్తవు గనక అందులో సరదా లేక, వాళ్ళు ఉద్యోగుల మీద పడేవారు. ఆలస్యంగా వస్తే మెమో. ముందుగా వస్తే, ఎవరూ లేని సమయంలో ఆఫీసులో ఏం పని అని మెమో. ఎం.డి. గది బయటికి వెళ్ళినప్పుడు ఫ్యాను తిరుగుతోందని ఎం.డి.కే మెమో ఇచ్చిన ఘనులు వాళ్ళు.

సత్యానందం తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో అర్జీ రాశాడు. ‘విషయం: టీ సెల్ వారు నిష్కారణముగా నా వెన్నుపై దాడి చేయుచున్నందున, వారి రిసెప్టర్లను పట్టి నిలుపు చికిత్సకు అనుమతి కోరుట గురించి.’

అర్జీ వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. మర్నాడు ఎం.డి. శార్ఙ్గపాణి ఆయన్ని పిలిపించాడు. గదిలో టీ సెల్ అధిపతి గంగిశెట్టి వరహాలరావు అప్పటికే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“టీ సెల్ నిష్కారణంగా దాడి చేస్తోందని రాసింది నువ్వేనటయ్యా?” అన్నాడు ఎం.డి.

“నేనేనండి. అయితే ఆ టీ సెల్ నా ఒంట్లోదండి.”

“విన్నారా సార్?” అన్నాడు వరహాలరావు. “మా సెల్ ఆయనలోదంట. రేపు బీరువా తాళాలు కూడా అడుగుతాడు. పైగా మమ్మల్ని పట్టి నిలిపేస్తాడంట. విధి నిర్వహణకి ఆటంకం కింద కేసు కట్టానండి. కేసున్నవాడికి క్లియరెన్స్ ఎలా ఇస్తామండి?”

శార్ఙ్గపాణి ఆ మాటలు వినడం లేదు. అర్జీకి జతపరిచిన డాక్టరు ఉత్తరం చదువుతున్నాడు. చదివేకొద్దీ ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

“కాపలాదార్లు సొంతవారినే శత్రువులుగా భావించుట,” అని పైకి చదివాడు. “దాని వలన యావద్దేహమూ బిగుసుకుపోవుట. సత్యానందం, ఈ డాక్టరమ్మ మన సంస్థను ఎన్నేళ్ళుగా అధ్యయనం చేస్తోందయ్యా?”

“అది నా వెన్నెముక గురించండి.”

“స్వార్థం తగదయ్యా. సంస్థకే ఈ రుగ్మత ఉండగా నీ ఒక్కడి వెన్నెముకకు వైద్యం చేయించుకోవడం ఏం న్యాయం? ముందు సంస్థకు చేయిద్దాం. నీ అర్జీ అందులో అంతర్భాగంగా పరిశీలించబడుతుంది.”

ఆ వారమే అన్ని సెక్షన్లతో సమావేశం జరిగింది. వెనక తెర మీద ‘స్వయంప్రహార రుగ్మతా నివారణార్థం పరిపాలనా ప్రతిరక్షక పథకం’ అని రాయించారు. దాన్ని ఊపిరి పీల్చకుండా చదివినవాళ్ళు లేరు.

“రిసెప్టర్ అనగానేమి?” అని ప్రశ్నించాడు శార్ఙ్గపాణి.

“రిసీవ్ చేసుకునేదండి,” అన్నాడు స్టూళ్ళ సెక్షన్ అధికారి.

“తనిఖీ అధికారి దేనితో రిసీవ్ చేసుకుంటాడు?”

సమాధానం తెలియని మనిషి అక్కడ లేడు, చెప్పే మనిషీ లేడు. చివరికి వెనక వరసలోంచి ఎవరో “చేత్తోనండి” అన్నారు. వరహాలరావు కుడిచెయ్యి మెల్లిగా జేబులోకి పోయింది.

“కావున టీ సెల్ సిబ్బంది యొక్క హస్తములను పట్టుకొని ఉంచుటయే చికిత్స,” అని ఎం.డి. తేల్చాడు. “పుచ్చుకునేదీ ఆ చెయ్యే, మెమో రాసేదీ ఆ చెయ్యే. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.”

సత్యానందం లేచాడు. అంటే, ఆయన కూర్చోవడానికీ లేవడానికీ పెద్ద తేడా ఉండదు గనక, లేచినట్టు దగ్గాడు. “డాక్టరు గారు అందర్నీ పట్టుకోమనలేదండి. మతి చెడ్డవాళ్ళని మాత్రమే అన్నారండి. ఆ ‘మాత్రమే’ చాలా ముఖ్యమన్నారండి.”

“చట్టం ముందు అందరూ సమానులయ్యా. ఒక్కడి చెయ్యి పట్టుకుని పక్కవాడిది వదిలేస్తే వాడు వివక్ష అని కోర్టుకెళ్తాడు. పట్టుకుంటే అందరిదీ పట్టుకోవాలి. అదే ప్రజాస్వామ్యం.”

ఇక చేతులు పట్టుకోవడానికి మనుషులు కావాలి. ప్రకటన ఇచ్చి పరీక్ష పెడదామన్నారు సిబ్బంది విభాగం వాళ్ళు. అప్పటిదాకా కునుకు తీస్తున్న చైర్మన్ బుల్లబ్బాయి గారు కళ్ళు తెరిచారు. ఎన్నికల్లో ఓడిన మూడోసారి ఆయనకు ఈ పదవి దక్కింది.

“ఆ ఉత్తరంలో ఒకే మూలం అని ఉందికదండీ?” అన్నారాయన.

“ఉందండి. ఒకే మూలం నుంచి పుట్టి, అచ్చు ఒకేలా ఉండాలి,” అన్నాడు ఎం.డి.

“మరింకేం, ప్రకటనలిస్తే ఊరికొకడు, కులానికొకడు వస్తాడు. అది మోనో ఎలా అవుద్దండి? మా ఆవిడ తమ్ముళ్ళున్నారు. మా మావగారు వేరే వ్యాపకం లేని మనిషి. బావమరుదులు దండిగా ఉన్నారు. అందరికీ ఒకటే ముక్కండి. వరసన నిలబెడితే మా ఆవిడే పోల్చుకోలేదు.”

ఇదివరకటి చైర్మన్లు బావమరుదులకు ఉద్యోగాలిస్తే పత్రికలు బంధుప్రీతి అని రాసేవి. ఈసారి శాస్త్రీయ దృక్పథం అని రాశాయి. నియామక పత్రాల్లో అర్హత అనేచోట ‘ముక్కు’ అని ఉంది.

సోమవారం పొద్దున బావమరుదులు దిగారు. ఒక్కొక్కడికీ ఒక్కొక్క తనిఖీ అధికారిని అప్పగించారు. వరహాలరావుకు చంటి అనేవాణ్ణి ఇచ్చారు. చంటి మంచివాడు, మెత్తనివాడు. పొద్దున పదింటికి వరహాలరావు కుడిచెయ్యి పట్టుకుంటే సాయంత్రం ఐదుకు వదిలేవాడు. వరండాల్లో ఎటు చూసినా జంటలే. కొత్తగా చూసినవాళ్ళు ఏదో సామూహిక వివాహం అనుకుని అక్షింతలు వెతుక్కునేవారు.

ఒక్క మెమో లేదు. ఆఫీసంతా పండగ చేసుకుంది. గుమాస్తాలు పదకొండింటికి వచ్చి పన్నెండింటికి భోజనానికి వెళ్ళి అట్నుంచటే ఇళ్ళకు పోయారు. శార్ఙ్గపాణి గదిలో లేనప్పుడు నాలుగు ఫ్యాన్లు తిరిగాయి. రాజధానినుంచి అధికారులు వచ్చి ఈ అద్భుతాన్ని ఫొటోలు తీసుకున్నారు. సత్యానందం మాత్రం రోజూ ఎం.డి. గది ముందు నిలబడి తన అర్జీ ఏమైందని అడిగేవాడు. క్లియరెన్స్ మీద వరహాలరావు సంతకం పెట్టాలి కదయ్యా, ఆయన చెయ్యి పథకంలో ఉంది అనేవాడు ఎం.డి. నెల కరిగిపోతోంది. ఇంట్లో సువార్త క్యాలెండరు వైపు చూసేది, ఆ చూపు చూడలేక సత్యానందం పక్కకు తిరగబోయేవాడు. మెడ సగంలో ఆగేది.

రెండో వారంలో మెమోలు మళ్ళీ వచ్చాయి, కోడిగీతల్లాంటి అక్షరాలతో. టీ సెల్ ఎడమచెయ్యి సాధన చేసింది. దీన్ని వైద్యశాస్త్రంలో మందుకు అలవాటుపడడం అంటారని ఎం.డి. వివరించి, బూస్టరు డోసు మంజూరు చేశాడు. చైర్మన్ గారి పినమావగారి సంతానం లారీలో దిగింది. ఇప్పుడు ప్రతి తనిఖీ అధికారికీ చెరోపక్కా ఒక్కో ముక్కు.

మూడో వారంలో ఒకడు తోపుడుబండితో గేట్లోకి వచ్చి, రిపేరుకని చెప్పి, పది కుర్చీలు ఎత్తుకుని నింపాదిగా వెళ్ళిపోయాడు. వరహాలరావు చూశాడు. ఆయన ఎంత పనికిమాలినవాడైనా ముప్ఫై ఏళ్ళుగా కుర్చీలు లెక్కపెట్టిన మనిషి. “దొంగండీ, పట్టుకోండి” అని అటూ ఇటూ లాగాడు.

“తవరు శాంతంగా ఉండండి మావా,” అన్నాడు చంటి. “మనిషిని గుర్తుపట్టే పని తవరిది కాదంట కదండి ఇప్పుడు.”

సంగతి ఊరంతా పాకింది. మర్నాడు ట్రాక్టర్లు వచ్చాయి. ఒక కల్యాణమండపం వాళ్ళు ముహూర్తాలున్నాయని లారీ పంపారు. గోడౌను ఖాళీ అయ్యాక సెక్షన్లలోకి వచ్చి, గుమాస్తాలను మర్యాదగా లేపి మరీ తీసుకెళ్ళారు. శనివారం నాటికి కుర్చీల కార్పొరేషన్‌లో కుర్చీ లేదు. ‘ఆసనములు కానరాకపోవుట చికిత్స యొక్క ఆనుషంగిక ప్రభావము మాత్రమే. సిబ్బంది నిలబడి సహకరించవలెను’ అని సర్క్యులర్ వచ్చింది. అందరికీ కాళ్ళు పీకుతుంటే ఆ భవనంలో హాయిగా నిలబడింది సత్యానందం ఒక్కడే.

చివరికి ప్రభుత్వం ఉలిక్కిపడింది. సాయంత్రంలోగా చోరీ నివేదిక టీ సెల్ అధికారి సంతకంతో పంపాలని ఆదేశం వచ్చింది. అది నెలాఖరు రోజు. టీ సెల్ చేతులు వదిలించాలంటే చైర్మన్ గారి ఉత్తర్వు కావాలి. ఆయనేమో బావమరుదుల ఉద్యోగాలు పర్మనెంటు చేయించడానికి రాజధానికి వెళ్ళారు. శార్ఙ్గపాణి చెమటలు కక్కుతూ వరండాలోకి వచ్చి చుట్టూ చూశాడు. ఎదురుగా, అర్జీ సంగతి అడగడానికి, సత్యానందం నిలబడి ఉన్నాడు.

“నీ చేతులు ఖాళీయేనా?”

“ఖాళీయేనండి.”

“ఈ క్షణంనుంచి నువ్వు టీ సెల్ ఇన్‌ఛార్జివి. నివేదిక మీద సంతకం పెట్టు.”

సత్యానందానికి జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడే అవకాశం దొరికింది. ఆయన దాన్ని వదులుకోలేదు. “పెడతానండి. నా అనుమతి మీద తవరు సంతకం పెట్టండి ముందు.”

“క్లియరెన్స్ లేకుండా ఎలా పెట్టనయ్యా? అది టీ సెల్ ఇవ్వాలి.” అంటూనే శార్ఙ్గపాణి ఆగిపోయాడు. “టీ సెల్ నువ్వే కదా. పోయి ఇచ్చుకో.”

టీ సెల్ గదిలో నేల మీద ఫైలుంది. సువార్త సాక్సులు తొడిగిన పాదంతో దాన్ని గోడకు ఆనించి పైకి జరిపి, నానా తంటాలూ పడి అందుకున్నాడు. రెండు పక్కలా రెండు ముక్కులతో వరహాలరావు వెనకే వచ్చాడు.

“పద్ధతి ప్రకారం చెయ్యండి,” అన్నాడు వరహాలరావు. “నిందితుణ్ణి ఎదురుగా నిలబెట్టాలి. అధికారి కుర్చీలో కూర్చోవాలి.”

కుర్చీ లేకపోవడంవల్ల ఆ చిక్కు తప్పింది. సత్యానందం నిలబడి తన మీద కేసు చదవసాగాడు. చిత్రం ఏమిటంటే, ఒక పేజీ తిరిగేసరికి ఆయనకు ఈ సత్యానందం అనే మనిషి మీద అనుమానం మొదలైంది. పై అధికారులకు వంగడట. టీ సెల్‌నే నిందించాడట. ఇలాంటివాణ్ణి ఊరికే వదిలితే రేపు మిగతావాళ్ళు కూడా రాస్తారు. తెలియకుండానే కలం తీసి ‘ఈ చర్యను తీవ్రముగా పరిగణించడమైనది’ అన్నంతదాకా రాసేశాడు.

“ఆయ్, అలా పడాలండి చెయ్యి,” అని మెచ్చుకున్నాడు వరహాలరావు.

ఆ మెప్పు వినగానే సత్యానందానికి వెన్నులో చుర్రుమని పోటు లేచింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుని, రాసింది చూసుకున్నాడు. ఎవడి మీద పడి కొడుతున్నట్టు తను? ఎన్నో ఏళ్ళుగా ఈ భవనంలో ప్రతివాడికీ ఎవడో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఫైలు చూడగానే ముసిముసిగా నవ్వి ఒక మాట అనేవాడు. ఆ ఒక్క మాటతో ఎంత పెద్ద నేరమైనా మాసిపోయేది. సత్యానందాన్ని ఆ మాట అన్నవాడు పుట్టలేదు. ఆయన రాసింది కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో ఒకే ముక్క రాశాడు.

‘మనవాడే.’

దాని కింద సంతకం పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడలేదు.

ఎం.డి. సంతకం కూడా అయ్యాక, నివేదిక మీద తన సంతకం గీకేసి, అనుమతి కాగితం పట్టుకుని ఆయన గేటు దాటబోతుంటే చంటి పరుగెత్తుకొచ్చాడు. వరహాలరావును తమ్ముడికి అప్పగించి వచ్చాడట.

“టీ సెల్లో చేరారంట కదా మావా. చెయ్యి ఇటిచ్చెయ్యండి.”

వాదించే వ్యవధి లేదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకునే ఆటో ఎక్కారు. దారిలో సువార్తకు ఫోను చెయ్యమంటే నెంబరు కూడా చంటే నొక్కాడు. ఆవిడ ఆసుపత్రి గుమ్మంలో ఎదురైంది. చేతులు పట్టుకుని దిగుతున్న వాళ్ళిద్దరినీ చూసి ఏమీ అడగలేదు. కార్పొరేషన్ ఉద్యోగిని చేసుకున్నాక అడగడం మానేసింది.

డాక్టర్ ముంతాజ్ కాగితం చూసి, తేదీ చూసి, మంచం చూపించింది. “ఈ బాబు ఎవరండీ?”

“నా యాంటీబాడీ అండి.”

“చెయ్యి వదలండి బాబూ, సూది పెట్టాలి.”

“బావగారు చెప్పకుండా వదలకూడదండి,” అన్నాడు చంటి వినయంగా.

ఆవిడ ఇటు తిరిగి రెండో చేతికి సూది గుచ్చి, పైన మందు సీసా తగిలించింది. గొట్టం మీది చక్రం మీద వేలు పెట్టి అంది: “మీ ఆఫీసులో కూడా ఇదే పద్ధతి పెట్టారని పేపర్లో చదివానండి. ఎలా పనిచేసింది?”

“బ్రహ్మాండంగా పనిచేసిందండి. ఒక్క మెమో లేదు. ఆఫీసూ లేదు.”

చక్రం మీద డాక్టరు వేలు ఆగింది. “భయంగా ఉందా?”

“ఉందండి.” సత్యానందం ఎదురుగా నిలబడ్డ సువార్తను చూశాడు, తర్వాత తలెత్తలేక కళ్ళు మాత్రం పైకెత్తి సీసా వైపు చూశాడు. “ఇది చూసి పట్టుకుంటుంది కదండీ?”

“చూసే పట్టుకోవాలండి. అందుకే తయారుచేశారు.”

“దీనికి బావగారెవరూ లేరు కదండీ?”

“లేరండి.”

“అయితే వదలండి,” అన్నాడు సత్యానందం.